కాకి వాలని గోడ

30 జూన్ 1968

ఆయన మృదంగం జతులు రాసుకున్న నోటుబుక్కు ఇది. ముందు పేజీల నిండా తకధిమి తకఝణు. వెనక పేజీలు తెల్లగా మిగిలిపోయాయి. ఆయన పూర్తిగా వాడెయ్యకుండా వదిలిన వస్తువు ఈ ఇంట్లో ఇదొక్కటే కనిపించింది. నేను వాడుకుంటాను.

పన్నెండో రోజు కూడా దాటింది. చుట్టాలంతా వెళ్ళిపోయారు. మరిది భావనారాయణ ఆఖరున బయల్దేరాడు. మాకు పిల్లల్లేరు కాబట్టి తలకొరివి అతనే పెట్టాడు. ఏడాది పొడుగునా నెలనెలా మాసికాలూ అతనే పెట్టాలి. స్టేషనుకు వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"ఇంకా ఈ చీపురుపల్లిలో ఏముంది వదినా? విజయనగరం వచ్చెయ్యి. కామేశ్వరికి ఉబ్బసం. పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది."

నా మీద జాలి ఒక ముక్క, వాళ్ళావిడ పొయ్యి మీద జాలి రెండు ముక్కలు. చూద్దాంలే నాయనా అన్నాను.

ఆయన మంచివారే. మృదంగం ముందు కూర్చుంటే సాక్షాత్తూ నందీశ్వరుడని ఊరంతా అనేది. మృదంగం ముందునుంచి లేచాక ఎలా ఉండేవారో ఊరికి తెలియదు, ఊరికి పనీ లేదు.

3 జూలై

నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. నలభై ఏళ్ళుగా ఆ వేళకి పక్కగదిలో సాధకం మొదలయ్యేది. ఇవాళ ఏ చప్పుడూ లేదు. హాయిగా ఉంది.

హాయిగా ఉందని రాసినందుకు లెంపలు వేసుకున్నాను.

5 జూలై

చప్పుడు లేకపోతే నాకే కాదు, ఎలుకలకీ హాయిగా ఉన్నట్టుంది. మృదంగాల గదిలో దూరి, వాయించేముందు అంటించే రవ్వముద్ద వాసనకి తోళ్ళు కొరికేశాయి. మూడు మృదంగాలకి చిల్లులు. ఆయన ఉంటే ఎలుకల్ని వదిలేసి నన్ను తిట్టేవారు.

8 జూలై

పెరటిగోడ అవతల గోగునార గొడౌను. అందులో అడవిపిల్లుల్లా తిరిగే పిల్లులు ఎన్నాళ్ళనుంచో ఉన్నాయి. ఆయన వాయింపుకి హడిలిపోయి ఇటు తొంగిచూసేవి కావు. ఇప్పుడు చప్పుడూ లేదు, లోపల ఎలుకలూ ఉన్నాయి. గోడ దాటి వచ్చేశాయి. తొమ్మిది లెక్కపెట్టాను. ఒకటి నిండు చూలాలు.

నేను వాటికేమీ పెట్టడం లేదు. మిగిలిన మజ్జిగన్నం పెరట్లో పారబోస్తున్నాను. పారబోసేచోట ఒక చిప్ప ఉంది, అంతే.

10 జూలై

ఇవాళ కొంచెం ఎక్కువ బియ్యం పోశాను. మిగలాలి కదా.

12 జూలై

వీధి తలుపు తీసి బయట అడుగుపెట్టాను. నా పక్కనుంచే నల్లపిల్లి కూడా అడుగుపెట్టింది. ఎదురుగా పురోహితులు వేంకటాచలంగారు. గిర్రున వెనక్కి తిరిగి, ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరారట. మా ఇద్దరిలో ఎవరిని చూసి వెనక్కి తిరిగారో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

పిల్లికి మాత్రం ఏమీ అనిపించినట్టు లేదు. దానిని చూసి నేర్చుకోవాలి.

15 జూలై

మొదటి మాసికం. కాకి ముట్టలేదు.

పిండం విస్తరాకులో పెట్టి పెరటిగోడ మీద ఉంచాం. భావనారాయణ తడిబట్టలతో నిలబడి గొంతు పోయేదాకా "కా కా" అని పిలిచాడు. ఆయన ఎంగిలిచేత్తో కాకిని తోలి ఎరగని మనిషి. ఇవాళ ఆయన తరఫున ఆ కాకినే బతిమాలుతూ అందరం ఆకాశం కేసి చూస్తున్నాం. నాకు నవ్వొచ్చింది. పమిట నోట్లో కుక్కుకున్నాను. ఏడుస్తున్నాననుకుని వేంకటాచలంగారు ఓదార్చారు.

గోడ మీద ఆ చివర తొమ్మిది పిల్లులూ వరసగా కూర్చుని పిండాన్నే చూస్తున్నాయి. రెండు దాటింది. ఆకలికి భావనారాయణ ముఖం పీక్కుపోయింది. చివరికి పిండం ఆవుకి పెట్టారు.

"ఏదో తీరని కోరిక ఉండిపోయిందమ్మా ఆయనకి," అన్నారు వేంకటాచలంగారు.

"కోరికా లేదు, పాడూ లేదు. ఇన్ని పిల్లులుంటే కాకి ఎలా వాలుతుందండీ?" అన్నాడు భావనారాయణ. నా వైపు తిరిగి, "నువ్వు గానీ వీటికి తిండి పెడుతున్నావా వదినా?"

"నేనా? రామ రామ!"

అప్పుడే చూలుపిల్లి దిగి వచ్చి నా కాళ్ళకి రుద్దుకుంటూ తిరగడం మొదలుపెట్టింది. వీటికి సమయం సందర్భం లేదు.

19 జూలై

చూలుపిల్లి ఈనింది. తోలు ఊడి డొల్లగా పడున్న పెద్ద మృదంగంలో దూరి నాలుగింటిని పెట్టింది. తంజావూరు నుంచి తెప్పించుకున్న పనసకర్ర. ఆయన దాన్ని నన్ను తుడవనిచ్చేవారు కారు.

పేర్లు పెట్టాను. తల్లి ఆది. నల్లది రూపకం. కుంటిది ఖండచాపు, దాని నడక అచ్చం అలాగే ఉంటుంది. నలభై ఏళ్ళు తాళాలు వింటూ అంట్లు తోమాను, వాటికి ఇన్నాళ్ళకి ఒక ఉపయోగం దొరికింది.

29 జూలై

పాలు పోసే చిన్నతల్లి పడీపడీ నవ్వింది.

"ఏటమ్మా ఇది! పిల్లికి పప్పన్నం పెడతన్నావా? పిల్లలతల్లికి పాలెలా వస్తాయి? ఆగు, రేపు నాలుగు నెత్తళ్ళు తెస్తాను."

"ఎండుచేపలా! ఈ ఇంట్లోనా! నీకేమైనా మతిపోయిందా?"

"ఇంట్లో ఎందుకు, పెరట్లో పెడదాం. నువ్వు ముట్టకు, సూడకు. వాసన కూడా పీల్చకు."

31 జూలై

చిన్నతల్లి తెచ్చిన పొట్లం నేను ముట్టుకోలేదు. పట్టకారు ముట్టుకుంది. పట్టకారు కాల్చి, చింతపండుతో తోమి, నేను స్నానం చేశాను. రోజుకి మూడుసార్లు స్నానం చేస్తున్నాను. ఇంత మడి ఆయన ఉన్నప్పుడు కూడా పాటించలేదు.

పిల్లుల సంబరం చెప్పలేను. ఖండచాపు పళ్ళెం చుట్టూ మూడు కాళ్ళతో గెంతింది. నాకూ సంతోషమైంది.

12 ఆగస్టు

రేపు రెండో మాసికం. కాకి ఈసారి కూడా ముట్టకపోతే పిల్లుల పని పడతానని భావనారాయణ కార్డు రాశాడు. చిన్నతల్లికి చదివి వినిపించాను.

"దానికేటమ్మా, ఆకడుగున రెండు నెత్తళ్ళు పెట్టీ. కాకి కాదు, గద్ద కూడా వస్తాది."

"నోర్ముయ్యి," అన్నాను.

13 ఆగస్టు

కాకి ముట్టింది.

14 ఆగస్టు

నిన్న ఆ ఒక్క ముక్క రాసి మూసేశాను. ఇవాళ రాస్తాను. ఈ పుస్తకాన్ని చదివేవాళ్ళెవరు, ఎలుకలు తప్ప. వాటినీ పిల్లులు తినేశాయి.

పిండంలో పెట్టలేదు. గోడ మీద రెండు నెత్తళ్ళు పెట్టి, వాటి మీద ఒక ఆకు, ఆ ఆకు మీద విస్తరి. చేపకీ పిండానికీ మధ్య రెండు ఆకులున్నాయి. పెట్టింది పట్టకారు. ఇంకా ఎక్కడైనా దోషం ఉంటే అది చిన్నతల్లి నోటిది.

నా లెక్క ఏమిటంటే, కాకి వెంటనే వచ్చేస్తుంది, పిల్లులున్నా కాకి వచ్చింది కదా అని అందరూ నోరు మూసుకుంటారు. పొద్దున్నే పిల్లులు మృదంగాల గదిలో పడుకుని ఉండగానే భావనారాయణ తలుపు మూసి గొళ్ళెం వేశాడు. అదీ మంచిదే అనుకున్నాను. చేప వాటి పాలు పడదు.

కాకి వచ్చింది. పక్క కొబ్బరిచెట్టు మీద వాలి తల అటూ ఇటూ తిప్పింది. దిగదు. నెల రోజులుగా పిల్లుల్ని చూసి బెదిరిన కాకి, దాని జాగ్రత్త దానిది.

"ఏమిటి కోరిక అన్నయ్యా, చెప్పు!" అని భావనారాయణ చేతులు జోడించాడు. "నీ మృదంగాలు మంచి శిష్యుడికి ఇప్పిస్తాను!" కాకి కదల్లేదు. "నీ ఫోటో పెద్దది చేయించి పటం కట్టిస్తాను!" కాకి రెక్క గోక్కుంది. వేంకటాచలంగారు "అడగండి, అడగండి, ఏదో ఒకటి తగులుతుంది" అంటున్నారు. అప్పుడు భావనారాయణకి తట్టింది. గొంతు పెంచి అన్నాడు కదా, "వచ్చే మాసికంలోగా ఈ పిల్లుల్ని ఊరు దాటిస్తాను! వదినని మా ఇంటికి తీసుకుపోతాను! నామాట నమ్ము అన్నయ్యా!"

రివ్వున దిగింది. పిండం చెదరగొట్టి, ఆకు కిందకి ముక్కు దూర్చి, దొరికింది పట్టుకుని గొడౌను కప్పు మీదకి ఎగిరిపోయింది.

భావనారాయణ భోరున ఏడ్చాడు. వేంకటాచలంగారి కళ్ళు కూడా తడిశాయి. "విన్నారు! మీ అన్నగారు విన్నారు!" అని వీధిలోకి వెళ్ళి అందరికీ చెప్పారు. విన్నది ఆయన కాదు, వచ్చింది చేప కోసం అని ఎలా చెప్పను? చెబితే పిండం దగ్గర ఎండుచేప పెట్టినదాన్నని తేలుతుంది. చెప్పకపోతే పిల్లులు పోతాయి, వాటి వెనకే నేనూ విజయనగరం పొయ్యి దగ్గరికి పోతాను.

నా అతితెలివి నా కొంపే ముంచింది. ఆయన బతికుండగా ఎప్పుడూ తన మాటే నెగ్గించుకునేవారు. పోయాక కూడా నా చేతే నెగ్గించుకున్నారు.

20 ఆగస్టు

మాటైతే ఇచ్చాడు గానీ పిల్లుల్ని పట్టేవాడు దొరకడం లేదు. పిల్లి చచ్చిందంటే బంగారుపిల్లిని చేయించి కాశీలో దానం ఇవ్వాలి. అందుకని పట్టమంటే నువ్వు పట్టు, నువ్వు పట్టు అనుకుంటున్నారు. వీధిలో ఇంతమంది మగవాళ్ళకి ఇన్ని పనులు ఒకేసారి ఎలా వచ్చాయో తెలియదు.

భయపడ్డంత లేదు. అంతా సర్దుకుంటుంది.

26 ఆగస్టు

ఆది లేదు.

రేషను షాపునుంచి వచ్చేసరికి మృదంగంలో నాలుగు పిల్లలూ కీచుమంటున్నాయి. తల్లి లేదు. పక్కింటివాళ్ళు చెప్పారు, భావనారాయణ ఉత్తరం చూసుకుని గొడౌను కూలీ జోగయ్య గోనెసంచితో వచ్చాడట. మిగతావి పారిపోయాయి. పిల్లల్ని వదల్లేక ఇది దొరికిపోయింది.

గొడౌను దగ్గరికి వెళ్ళి జోగయ్యని నిలదీశాను. అతని చేతులు గీరుకుపోయి ఉన్నాయి.

"నా పిల్లల మీద ఒట్టమ్మగోరూ, సంపనేదు. రామతీర్థం కొండకాడ ఒగ్గీసినాను. ఆడ కొండెక్కినోళ్ళు పెసాదం పెడతారు, దానికేటి లోటు?"

"దాని పిల్లలో?"

జోగయ్య నేల చూశాడు. "పిల్లలున్నాయని బావుగోరు సెప్పనేదమ్మా."

ఇంటికొచ్చి ఏడ్చాను. ఆయన పోయిన రోజు కూడా ఇంత ఏడవలేదు. రాసేశాను, ఇంక దిద్దను.

28 ఆగస్టు

గుడ్డవత్తి పాలలో ముంచి నోట్లో పెడుతున్నాను. గంటకోసారి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఆది ఒక్క ఇల్లు నమ్మింది.

31 ఆగస్టు

ఒకటి పోయింది.

2 సెప్టెంబరు

ఇంకొకటి. జామచెట్టు కింద పాతిపెట్టాను. చిన్నతల్లి గొయ్యి తీసింది. ఈ రోజు అది ఏమీ వేళాకోళం చెయ్యలేదు.

5 సెప్టెంబరు

మిగిలిన రెండూ వత్తి వదిలేసి చిప్పలో నాకడం నేర్చుకున్నాయి. ఒకటి చిప్పలో పడి లేచి తుమ్మింది. నవ్వుకున్నాను.

భావనారాయణ ఉత్తరం. పదకొండున మాసికం కాగానే సాయంత్రం పాసింజరుకి ఇద్దరం బయల్దేరాలిట. పెట్టె సర్దుకుని ఉండమన్నాడు. మిగతా పిల్లులకి జోగయ్య కాకపోతే ఇంకో మనిషిని చూశాడట. "అన్నయ్యకిచ్చిన మాట" అని రెండుసార్లు కింద గీత గీశాడు.

9 సెప్టెంబరు

పెట్టె సర్దాను. కామేశ్వరి మంచిదే. పాపం ఉబ్బసం మనిషి. అక్కడా పెరడుంది. అలవాటైపోతుంది.

10 సెప్టెంబరు

పెట్టె విప్పేశాను.

11 సెప్టెంబరు

అంతా వరసగా రాయాలి.

వంట నేనే చేశాను. గారెలు, పరమాన్నం, పప్పు, రెండు కూరలు. భావనారాయణ పిల్లుల్ని గదిలో వేసి గొళ్ళెం పెట్టాడు. పిండం గోడ మీద పెట్టారు. ఈసారి ఆకు కింద ఏమీ లేదు.

కాకి లేదు.

"అన్నయ్యా, ఒకదాన్ని పంపేశాను. మిగతావి రేపు పోతాయి. వదినని ఈ సాయంత్రమే తీసుకుపోతున్నాను." కాకి లేదు. ఏడాది మాసికాలూ లోపం లేకుండా పెడతానన్నాడు. ఆయన పేరున కచేరీ పెట్టిస్తానన్నాడు. ఒంటిగంటన్నర. ఇంక ఇవ్వడానికి అతని దగ్గర మాటలు అయిపోయాయి.

"భార్య నోటితో ఒక్క మాట చెబితే..." అన్నారు వేంకటాచలంగారు.

"నువ్వు చెప్పు వదినా. వస్తున్నానని నీ నోటితో చెప్పు."

గోడ దగ్గరికి వెళ్ళాను. నలభై ఏళ్ళలో ఆయనకి ఎదురుగా నిలబడి మాట్లాడిందాన్ని కాదు. అన్నంముద్దతో మాట్లాడటం కాస్త తేలిక.

"పోయిన నెల కాకి వచ్చింది మీ తమ్ముడి మాటకి కాదండీ. ఆకు కింద నేను రెండు నెత్తళ్ళు పెట్టాను. వాటికోసం వచ్చింది."

వెనక చెంబు కిందపడింది. నేను తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు.

"తప్పే. ఏ నరకమైనా నాదే. కానీ ఆ మాట మీరు వినలేదు కాబట్టి చెల్లదు. పిల్లుల్ని పంపను. విజయనగరం వెళ్ళను. ఇంకొకటి కూడా చెప్పాలి. ఉప్పు తక్కువైందనీ, అన్నం మెత్తబడిందనీ విస్తరి ముందునుంచి లేచిపోయేవారు. మీరు లేచిపోయిన రోజు నేనూ పస్తుండేదాన్ని, మొగుడు తినకుండా ఎలా తింటానని. మీరు బజారుకెళ్ళి హోటల్లో ఇడ్లీ తినొచ్చేవారని నాకు పదేళ్ళ తరవాత తెలిసింది. తెలిశాక కూడా పస్తే ఉన్నాను. మీ మీద నాకు కోపం ఉంది. చాలా ఉంది. ఇవాళ అన్నం పెట్టాను. ఇష్టమైతే తినండి, లేకపోతే మానెయ్యండి."

తిరిగి చూస్తే వేంకటాచలంగారు రెండు చెవులూ మూసుకుని "శివ శివ" అంటున్నారు. చెవులు మూసుకున్నా అంతా విన్నారని ముఖం చూస్తే తెలుస్తోంది. ఉత్తరీయం సర్దుకుని చెప్పులు మరిచిపోయి వెళ్ళిపోయారు.

భావనారాయణ ఇంకా మొదటి ముక్క దగ్గరే ఉన్నాడు.

"నెత్తళ్ళా? ఆ చేత్తోనే ఆ రోజు నాకు వడ్డించావా?"

"పట్టకారుతో పెట్టాను నాయనా. తరవాత స్నానం చేశాను."

"వడ్డించావా, లేదా?"

"వడ్డించాను. నువ్వు గారెలు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నావు."

అతను సంచీ తీసుకున్నాడు. "నా ఇంటి గడప తొక్కకు. కామేశ్వరి మడి వంటింట్లో నిన్ను... ఛీ! మిగతా మాసికాలు విజయనగరంలోనే పెట్టుకుంటాను. నువ్వు రానక్కర్లేదు."

"సరే నాయనా," అన్నాను.

నేను కోరుకున్నది అదే. అయినా అతను గేటు దాటాక తెలిసొచ్చింది. ఇంక ఈ గుమ్మంలోకి అయినవాళ్ళెవరూ రారు. రేపటికి వీధంతా తెలుస్తుంది. పేరంటాలకి ఎలాగూ పిలవరు, ఇకమీదట మంచినీళ్ళు కూడా అడగరు. భయం వేసింది. గోడకి ఆనుకుని చాలాసేపు కూర్చున్నాను.

మూడైనా కాకి రాలేదు. పిండం తీసుకెళ్ళి ఆవుకి పెట్టి వచ్చాను. మృదంగాల గది గొళ్ళెం తీశాను. ఎనిమిదీ, రెండు పిల్లలూ ఒకదాన్నొకటి తొక్కుకుంటూ బయటికి వచ్చి, లోపల పెట్టినందుకు నా మీద అరిచాయి.

చిన్నతల్లి సాయంత్రం పాలు తెచ్చింది. అప్పటికే విన్నట్టుంది. గిన్నెలో పాలు పోసి, "ఏటమ్మా, తిన్నావా?" అంది.

లేదన్నాను. పొద్దుటినుంచి నోట్లో మెతుకు పడలేదని అప్పుడే గుర్తొచ్చింది.

అది వెళ్ళాక విస్తరి వేసుకున్నాను. ఆయన తినలేదు. నేను తిన్నాను. గారెలు, పరమాన్నం, అన్నీ వడ్డించుకుని, తొందరపడకుండా, కూర్చుని తిన్నాను. పప్పులో ఉప్పు నిజంగానే తక్కువైంది. కాస్త కలుపుకున్నాను.